పిన్ని చేసిన మఫిన్లు

నోరు జారిన మాటా, ఓవెన్‌లోకి తోసిన పిండీ ఒకటే. రెండింటినీ వెనక్కి తీసుకోలేం. పోయిన వారం మనం మాస్టరమ్మను వదిలి వచ్చేసరికి ఆవిడ సరిగ్గా ఆ స్థితిలోనే ఉంది. చెవి దగ్గర ఫోను, ఫోనులో కూతురు పిట్ట క్లాసు టీచరు, ఎదురుగా వంటగది గుమ్మంలో పిట్ట.

"ఎంత బాగున్నాయండీ మీ మఫిన్లు! గుడ్డు లేకుండా అంత మెత్తగా ఎలా వచ్చాయి? ఎంతైనా బేకరీ మాస్టరు చెయ్యి కదా!" అంది టీచరు.

"ఏదో, నాకు తెలిసినట్టు చేశానండీ" అంది మాస్టరమ్మ.

ఆ మఫిన్లు ఆవిడ చెయ్యలేదు. శుక్రవారం సాయంత్రం తండ్రి ఇంటికి వెళ్ళి ఆదివారం తిరిగొచ్చే పిట్ట, ఈసారి వస్తూ వస్తూ ఒక రేకు డబ్బా నిండా పట్టుకొచ్చింది, వాటిల్లో ఒకటి బడిలో టీచరుకి పెట్టింది. చేసింది పిట్ట నాన్న రెండో భార్య. కళ్ళద్దాల షాపులో పనిచేసే మనిషి, జీవితంలో ఒక్కరోజు కూడా బేకరీలో అడుగుపెట్టని మనిషి.

మాస్టరమ్మ సంగతి అలా కాదు. బేకరీలో పెద్ద ఓవెన్ ముందు నిలబడి, మిక్సర్ చప్పుడు విని లోపల పిండి ఎలా ఉందో చెప్పగలదు. అందుకే ఆవిడ అసలు పేరు మరుగునపడి మాస్టరమ్మే మిగిలింది. అయితేనేం, పిట్టకి గుడ్డు పడదు. నాలిక్కి తగిలితే చాలు, ఒళ్ళంతా దద్దుర్లు. ఊరందరి పుట్టినరోజులకీ కేకులు పొంగించిన చెయ్యి, కన్నకూతురి పుట్టినరోజుకి మాత్రం బిస్కెట్ ప్యాకెట్టు చింపి ఇచ్చింది. ఒకప్పుడు గుడ్డు లేకుండా చెయ్యాలని చాలా తంటాలు పడింది. చేసిన ప్రతిదీ ఓవెన్‌లోంచి బయటికొచ్చీ రాగానే మధ్యలో గుంట పడి కూర్చునేది. చేతకానితనాన్ని పళ్ళెంలో పెట్టి చూపించుకున్నట్టు ఉండేది. చివరికి మానేసింది.

టీచరు ఊరికే ఫోన్ చెయ్యలేదు. వచ్చే శనివారం బడిలో పిల్లల సంత. "మీ మఫిన్లకి ఒక బల్ల వేయిస్తున్నాను. కాదనకండి" అని ఆవిడే అనేసి, ఆవిడే సంతోషపడిపోయి ఫోన్ పెట్టేసింది.

మాస్టరమ్మ ఫోను బల్లమీద పెట్టి కూతురి వైపు చూసింది. ఏదో ఒకటి అడుగుతుందని ఎదురుచూసింది. పిట్ట అడగలేదు. మెల్లిగా దగ్గరికొచ్చి తల్లి కొంగు పట్టుకుంది.

"నేను టీచర్‌కి పిన్ని చేసిందని చెప్పలేదులే అమ్మా. ఇకమీదట కూడా చెప్పను" అంది.

అదే, చెంప పగలగొట్టినా అంత మండేది కాదు.

* * *

మర్నాటి నుంచీ మాస్టరమ్మకి కంటిమీద కునుకు లేదు. పిట్ట కోసం ఏది చేసినా ఆవిడ ఇంట్లోనే చేస్తుంది. బేకరీలో గిన్నెలకీ గరిటెలకీ గుడ్డు అంటుకునే ఉంటుంది కదా. కాబట్టి మధ్యాహ్నం బేరం పలచబడగానే ఇంటికొచ్చి, మూలపడేసిన చిన్న ఓవెన్‌ని తుడిచి బయటికి తీసింది.

మొదట అరటిపండు మెదిపి వేసింది. పొంగాయి గాని, ముక్క తుంచితే లోపల బంక. తర్వాత ఆపిల్ ఉడికించి, గుజ్జు చేసి వేసింది. కాగితపు కప్పు ఊడదీస్తే సగం మఫిన్ కప్పుతోనే వచ్చింది. అవిసెగింజలు పొడిచేసి నీళ్ళలో నానబెట్టి వేసింది. చూపుకి బాగానే ఉన్నాయి. నోట్లో పెట్టుకుంటే మందుల షాపు గుర్తొచ్చింది. వెన్న మార్చింది, పంచదార తగ్గించింది, పాలు పెంచింది. ప్రతిసారీ అలవాటు చొప్పున చెయ్యి నొప్పి పుట్టేదాకా గిలక్కొట్టింది. పిండి పట్టులా జారేది. లోపల పెట్టాక మాత్రం మొండికేసిన పిల్లలా ముడుచుకుని కూర్చునేది.

ఆఖరి విడతవి కాస్త నయం. అందులో ఒకటి పిట్టకి పెట్టింది.

పిట్ట కొరికింది. నమిలింది. నమిలీ నమిలీ మింగింది. "బాగుంది" అంది.

"నిజంగా?"

"నిజంగా. మిగతాది రేపు తింటా." అని దాన్ని గిన్నెలో పెట్టి, పైన పళ్ళెం మూత కూడా పెట్టింది. ఆకలేస్తే మూత తీసేదే గాని, మూత పెట్టే పిల్ల కాదది.

మాస్టరమ్మ అడగకూడదనుకుంటూనే అడిగింది. "పిన్ని ఎలా చేస్తుందే?"

"ఏమో. నారింజకాయ తొక్క గీరుతుంది. నేను రసం పిండుతా."

"నువ్వా?"

"ఊఁ. ఒకసారి క్యారెట్టు వేసింది. ఒకసారి కాఫీ కలిపి చేసింది, నాన్న తిన్లేదు, మేమే తినేశాం. పిన్ని నవ్వుతూనే ఉంటుంది. పాడైపోయినా నవ్వుతుంది."

పుండుని గోకినకొద్దీ గోకాలనిపించినట్టు, "ఇంకా?" అంది తల్లి.

"ఇంకా... నా ఎత్తుకి పీట వేసింది."

తన వంటగదిలో పిట్ట అడుగుపెడితే "కాలుతుంది, అవతలికి పో" అనడమే తప్ప, పీట వేద్దామని ఎప్పుడూ తోచలేదు మాస్టరమ్మకి. తోచనందుకు తనమీద రావాల్సిన కోపం, తోచినందుకు ఆ పిన్నిమీదికి పోయింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. పుల్లకూరతో పోతే ఫరవాలేదు. పొరుగింటి మనిషే రుచించడం మొదలైతే ఇక తన దగ్గర మిగిలేదేమిటి?

శుక్రవారం పొద్దున రేకు డబ్బాని తళతళా తోమింది. సంచిలో పెట్టుకుంది. పిట్ట బడి నుంచి తండ్రితో కలిసి ఆయన ఇంటికి చేరేలోపే అక్కడికి వెళ్ళి, చెప్పాల్సింది చెప్పేసి రావాలని నిశ్చయించుకుంది. దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. పదునైనవన్నీ ముందు వరసలో పెట్టుకుంది.

* * *

చెప్పుల దుకాణం మీద ఇల్లు. మెట్లు ఇరుకు. మలుపులో ఎవరివో సైకిళ్ళు. పైకి చేరేసరికి మాస్టరమ్మకి ఆయాసం వచ్చింది. తలుపు తీసిన మనిషిని చూసి ఇంకా కోపం వచ్చింది. వాకిట్లో నిలబడ్డ సవతిని చూసి కంగారుపడాలా వద్దా? ఆ కళ్ళద్దాలావిడ మొహాన బొట్టంత మైదాపిండి పెట్టుకుని, "అయ్యో, రండక్కా, ఎండలో వచ్చారు" అంది.

"ఏ వరసన అక్కనయ్యానమ్మా మీకు?"

కళ్ళద్దాలావిడ నిజంగానే ఆలోచించింది. "నేనూ వెతికానండీ. ఉన్న వరస ఒక్కటే. అది మొహం మీద పిలిచే మాట కాదు కదా!"

మాస్టరమ్మకి నవ్వు రాబోయింది. పళ్ళు బిగబట్టి మింగేసింది. లోపలికి నడిచి, వంటగది గుమ్మంలో ఆగి, తప్పు పట్టడానికి కళ్ళు నాలుగు చేసుకుని చూసింది. జిడ్డు లేదు. చీమ లేదు. పిట్ట గిన్నెలు విడిగా, ఎర్ర మూతలతో ఒక అరలో ఉన్నాయి. కిటికీ తీగ మీద కళ్ళద్దాలు తుడిచే మెత్తటి గుడ్డలు ఆరేసి ఉన్నాయి. పొయ్యి పక్కన చెక్క పీట. మేకుకి ఒక చిన్న ఏప్రన్, పిట్టకి సరిపడేంతది, జేబు మీద వంకరటింకర కుట్టుతో ఒక పిట్ట బొమ్మ.

కుట్టు వంకరగా ఉన్నందుకు మాస్టరమ్మకి క్షణంపాటు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత తెలిసింది. అది పెద్దవాళ్ళ కుట్టు కాదు. పిట్ట కుట్టింది. సూది పట్టుకోవడం కూడా ఇక్కడే నేర్చింది.

"డబ్బా ఇచ్చిపోదామని వచ్చాను" అంది.

"డబ్బా కోసం ఇన్ని మెట్లెక్కారా? పిట్ట చేతికిస్తే తెచ్చేది కదండీ."

"ఇంకో మాట కూడా ఉంది." మాస్టరమ్మ సంచిలోంచి డబ్బా తీసి చాపింది. "నా కూతురికి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో నాకు తెలుసు. దానికి ఏదైనా అయితే రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది నేను. ఇకమీదట మీరు ఇలాంటివి చేసి పంపకండి."

"సరేనండీ."

అంతే. ఆ ఒక్క మాటే. మాస్టరమ్మ తోవంతా నూరుకొచ్చిన కత్తులు సంచిలోనే ఉండిపోయాయి. గోడని తోద్దామని వస్తే అది తలుపై తెరుచుకున్నట్టు, ముందుకు తూలినంత పనైంది.

కళ్ళద్దాలావిడ డబ్బా అందుకుని అరలో పెట్టింది. అటు తిరిగే ఉండి నెమ్మదిగా అడిగింది. "మరి రేపు సంతకి ఎలాగండీ?"

మాస్టరమ్మ గిర్రున తిరిగింది. "పిట్ట చెప్పిందా?"

"పిట్ట ఏం చెప్తుందండీ, అది చెప్పే పిల్లేనా! టీచరుగారు మొన్న మా షాపుకి వచ్చారు, కళ్ళు చూపించుకోడానికి. మాటల్లో, పిట్ట వాళ్ళమ్మ మఫిన్లు తిన్నారా ఎప్పుడైనా, ఎంత బాగా చేస్తారో, సంతలో వాటికి బల్ల కూడా వేయిస్తున్నాను అన్నారు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? అవునండీ, ఆవిడ చెయ్యి మంచిది అన్నాను."

మాస్టరమ్మ పిట్ట పీట మీద కూలబడింది. మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న పీట అది. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆ క్షణాన ఆవిడని చూస్తే తెలుస్తుంది. తిట్టి ఉంటే బాగుండేది. టీచరుకి నిజం చెప్పేసి ఉంటే ఇంకా బాగుండేది; జీవితాంతం ఈవిడని హాయిగా ద్వేషించుకోవచ్చు. అడక్కుండానే పరువు కాపాడిన మనిషిని ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు.

చీర అంచు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "గుంట పడకుండా ఎలా వస్తున్నాయి నీకు?"

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

"చేసి చూపిస్తాను. మైదా జల్లించే ఉంది. మీరొచ్చేసరికి అదే పనిలో ఉన్నాను" అంది కళ్ళద్దాలావిడ.

* * *

పెరుగులో వంటసోడా వేసి పక్కన పెట్టింది. గిన్నెలో పెరుగు నురగలు కక్కుతూ పైకి వచ్చింది. మాస్టరమ్మ కూడా అప్పట్లో పెరుగూ సోడా వేసేది, కానీ పిండిలోనే వేసేది. కళ్ళద్దాలావిడ వెన్న తియ్యలేదు, నూనె పోసింది. నారింజ తొక్క పైపైన గీరింది. లోపలి తెల్ల పొర తగిలితే చేదంట. తడివన్నీ ఒక గిన్నెలో, పొడివన్నీ ఒక గిన్నెలో. చివర్లో రెండూ కలిపి, గరిటె మాస్టరమ్మ చేతికిచ్చింది.

చెయ్యి ఊరుకోలేదు. అలవాటుపడ్డ చెయ్యి కదా, గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. కళ్ళద్దాలావిడ గబుక్కున మణికట్టు పట్టుకుంది.

"చాలక్కా. ఇక ఆపండి."

"అదేంటి, ఇంకా ఉండలున్నాయి."

"ఉండనివ్వండి."

"ఉండలుంటే పిండి కలిపినట్టా? మా బేకరీలో ఎవరైనా ఇలా వదిలేస్తే..."

"కేకుకి మీరన్నదే నిజం. గుడ్డు ఉంటే ఎంత కొట్టినా పడి ఉంటుంది. గుడ్డు లేదు కదా, మైదాని ఎక్కువ సతాయిస్తే రబ్బరులా సాగుతుంది. పొంగినట్టే పొంగి కూలుతుంది. పొడి కనపడకపోతే చాలు, వదిలెయ్యాలి."

మాస్టరమ్మ గరిటె వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఆవిడ పాళ్ళు మార్చింది, పళ్ళు మార్చింది, పాత్రలు మార్చింది. తప్పు చెయ్యి తిరిగినతనంలోనే ఉందని తోచలేదు. కూతురి కోసం కదా అని మిగతావాటికంటే రెట్టింపు కొట్టేది కూడానూ.

"ఎవరు నేర్పారు నీకిది?"

"ఎవరు నేర్పుతారండీ! ఓ రోజు చెయ్యి నొప్పెట్టి మధ్యలో వదిలేశాను. అవే బాగా వచ్చాయి. బద్ధకం కలిసొచ్చింది."

ఈసారి నవ్వు మింగడం మాస్టరమ్మ వల్ల కాలేదు.

ఓవెన్ బాగా వేడెక్కించి, కప్పులు అంచు దాకా నింపి లోపల పెట్టారు. అద్దంలోంచి ఇద్దరూ వంగి చూస్తున్నారు. కాసేపటికి అంచులు గట్టిపడి, నడిమధ్య బొడిపెలా లేవడం మొదలైంది. లేచింది, నిలబడింది. మాస్టరమ్మ అద్దానికి ఇంకా దగ్గరగా వంగింది. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నాయో, కడుపులో అంత మంటగానూ ఉంది. ఇవి తన వంటగదిలో ఎందుకు లేవలేదు?

"మీకు ఇంకోటి చెప్పనా అక్కా?" అంది కళ్ళద్దాలావిడ, చూపు అద్దం మీంచి తీయకుండా. "మొదటిసారి ఇలా పొంగినప్పుడు నేను ఎగిరి గంతేశాను. పిట్ట చేతికిచ్చాను. అది అటు తిప్పింది, ఇటు తిప్పింది, 'గుంట ఏది పిన్నీ?' అంది."

"గుంటా?"

"మీరు చేసినవాటికి మధ్యలో గుంట ఉండేదట. అందులో జామ్ వేసుకుని నాకేదట. 'మా అమ్మ జామ్ కోసం చోటు వదుల్తుంది, నువ్వు వదల్లేదు' అంది. ఆ రోజు ఎంత ఏడుపొచ్చిందో! నేను ఏం చేసినా, ఎంత బాగా వచ్చినా, మీ పాడైపోయినవాటి తర్వాతే. ఆ తర్వాత కావాలనే గుంట పడేట్టు చేద్దామని కూడా చూశాను. రాలేదు."

మాస్టరమ్మ వంగినదల్లా లేచి నిలబడింది. తను సిగ్గుపడి చెయ్యడమే మానేసినవాటిని తలుచుకుని ఇక్కడో మనిషి అసూయపడింది. తన లోపల వారం రోజులుగా రగిలిన మంట ఈ ఇంట్లో ఎప్పట్నుంచో రగులుతూనే ఉంది.

"ఇదంతా ఎందుకు చెప్తున్నావు నాకు? నీ విద్య నీ దగ్గరే ఉంచుకోవచ్చుగా!"

కళ్ళద్దాలావిడ కళ్ళజోడు తీసి, తీగ మీది గుడ్డతో తుడిచింది. అప్పటికే శుభ్రంగా ఉన్న అద్దాలవి.

"ఆయనకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. వచ్చిందని కాదు, ఎప్పుడో ఒప్పేసుకున్నారట. మొన్న భోంచేస్తూ, సామాను సర్దుకో అన్నారు."

"అడగలేదా నిన్ను?"

"అడిగే అలవాటుందా ఆయనకి?"

ఆ మాటకి జవాబు ప్రపంచంలో ఇద్దరు ఆడవాళ్ళకే బాగా తెలుసు. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

"నేను వెళ్ళట్లేదక్కా. ఆయనతో చెప్పేశాను. షాపు దగ్గర ఒక గది చూసుకున్నాను." కళ్ళజోడు పెట్టుకుంది. "పిట్టకి ఇంకా తెలీదు. ఆయన వెళ్ళిపోతే, నేను విడిపోతే, దానికి నేను ఏమవుతాను? ఏ కాగితం మీదా లేను, ఏ వరసలోనూ ఉండను. దారిలో కనపడితే పలకరించే హక్కు కూడా ఉండదేమో. అందుకే అడుగుతున్నా. ఎప్పుడైనా ఆదివారం పూట దాన్ని నా దగ్గరికి పంపుతారా? లేదంటే నేనే వస్తాను. మీ గుమ్మంలో కూర్చుని, చూసి వెళ్ళిపోతాను."

నిజం చెప్పుకోవాలి. మాస్టరమ్మకి మొట్టమొదట కలిగింది సంతోషం. పీడ విరగడైంది అనుకుంది. శుక్రవారాలు లేవు, పీట లేదు, ఎర్ర మూతలు లేవు. పిట్ట మొత్తంగా తనది. కాలు దువ్వాల్సిన పని లేకుండానే గెలిచేసింది. ఆ సంతోషం గొంతుదాకా వచ్చి అక్కడ ఆగింది. ఎందుకంటే ఎదురుగా నిలబడ్డ మనిషి చేతులు వణుకుతున్నాయి. పిట్టకి జ్వరమొచ్చిన రాత్రుళ్ళు తన చేతులు వణికినట్టే, అచ్చం అలాగే. ఓడిపోయిన మనిషిలా లేదు. తల్లిలా ఉంది.

ఓవెన్ గంట మోగింది. మాస్టరమ్మ గుడ్డ మడిచి రేకు బయటికి తీసింది. నారింజ వాసన గది నిండింది. ఒక్కదానికీ గుంట లేదు. రేకుని బల్లమీద దింపి, తిరిగింది.

"చూడమ్మాయ్," అంది. ఒప్పుకోబోతోందని తనకే అర్థమైంది. "ఆదివారం సంగతి..."

కింద మెట్ల మీద చప్పుడైంది. తండ్రిని కిందే వదిలేసి దూకుతూ ఎక్కే అడుగులు. గోడకి రాసుకుంటూ వచ్చే బడి సంచి. ఆ అడుగులు మాస్టరమ్మకి తెలియనివా! టైము చూసుకోవడమే మరిచిపోయింది. వంటగది తలుపు సగం మూసి ఉంది. హాల్లో బూట్లు విసిరేసిన చప్పుడు. ఆ వెంటనే కిలకిలమంటూ పిట్ట గొంతు.

"అమ్మా! ఇవాళ నారింజవేనా? వాసన మెట్ల దాకా వచ్చేసింది! ఆకలేస్తోందమ్మా, తొందరగా పెట్టవా!"

మాస్టరమ్మ ఈ ఇంట్లో ఉన్నట్టు పిట్టకి తెలియదు.

కళ్ళద్దాలావిడ మొహం పాలిపోయింది. "అక్కా, నేను నేర్పలేదు... ఒట్టు, నేనెప్పుడూ..." అంటూ ఏదో చెప్పబోయింది. ఆ మాటలేవీ మాస్టరమ్మ చెవికెక్కలేదు. ఇంతసేపూ చల్లారుతూ వచ్చిందంతా ఒక్కసారిగా భగ్గుమంది. చేతిలో వేడిగుడ్డ అలాగే ఉంది.

తలుపు తెరుచుకుంది. గుమ్మంలో పిట్ట. ఎదురుగా ఇద్దరు. పిట్ట మొహంలో నవ్వు ఉన్నట్టుండి ఆరిపోయింది. చూపు ఒకరి మీంచి ఒకరి మీదికి వెళ్ళి, మళ్ళీ వచ్చింది. కాలు ముందుకి వేసింది, ఎటు వెయ్యాలో తెలియక ఆపేసింది.

మాస్టరమ్మ కూతురి ముందు మోకాళ్ళమీద కూర్చుంది. గొంతు తనది కాదన్నట్టు, చాలా మెల్లిగా వచ్చింది.

"ఎవర్నే తల్లీ, నువ్వు పిలిచింది?"